విప్పి కడిగాక తెలిసిన ఉప్పునీళ్ళ అక్వేరియం మంచీ చెడూ

కొన్నేళ్ళు వాడిన ఉప్పునీళ్ళ ట్యాంకును ఈమధ్య పూర్తిగా విప్పి కడిగాను. కొనేటప్పుడు అందరం లైట్లూ స్టాండూ చూస్తాం. విప్పడానికి వీలుగా ఉందా అని ఎవరూ అడగరు. నేనైతే ఇప్పుడు దానికే మార్కులు వేస్తాను.

ముందు హీటరు ప్లగ్గు తీసి, చల్లారాకే నీళ్ళు తోడాను. వేడిగా ఉన్న గాజు హీటరు నీళ్ళలోంచి బయటపడితే పగలొచ్చు. చేపల్నీ రాళ్ళనీ పాత నీళ్ళతోనే టబ్బుల్లోకి మార్చి గాలి పంపు పెట్టాను. ట్యాంకుకు ప్రాణమైన బ్యాక్టీరియా ఎక్కువగా రాళ్ళలోనే ఉంటుంది, అందుకే వాటికి కుళాయి నీళ్ళు తగలనివ్వలేదు.

అసలు కంపు ఇసుకలో ఉంది. పైన తెల్లగా మెరుస్తున్నా, చెయ్యి పెట్టి తోడితే అడుగున నల్లటి మచ్చలు, కుళ్ళిన గుడ్డు వాసన! ఆక్సిజన్ అందని చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. చేపలుండగా దాన్ని కదిపితే వాటి ప్రాణం మీదికొస్తుంది. ఇసుక మొత్తం పారేసి, కొత్తది పల్చగా పరిచాను.

బాగా నచ్చింది రిటర్న్ పంపు, అంటే శుభ్రపడ్డ నీళ్ళను తిరిగి ట్యాంకులోకి పంపే మోటారు. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, మూత తిప్పితే ఇంపెల్లర్ (నీళ్ళను నెట్టే రెక్కల చక్రం) చేతికొచ్చేస్తుంది. దాని రెక్కల మీద ఊదారంగు కోరలైన్ ఆల్గే (రాయిలా గట్టిపడే నాచు) పెచ్చులు కట్టింది. అది కాల్షియం కార్బొనేట్ కాబట్టి వెనిగర్ కలిపిన నీళ్ళలో వెయ్యగానే బుసబుసా నురగలొచ్చాయి. కాసేపయ్యాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. లోపలి సిరామిక్ కడ్డీ మాత్రం సన్నగా ఉంటుంది, పట్టి వంచితే పుటుక్కుమంటుంది. వెనిగర్‌లో పొరపాటున కూడా బ్లీచ్ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. సబ్బు అసలే వద్దు.

నీళ్ళలోని మురికిని నురగతో పైకి లాగే స్కిమ్మర్ విసిగించింది. మురికి చేరే కప్పు సులువుగా ఊడింది కానీ, ఉప్పు గడ్డకట్టిన సన్నటి గాలి గొట్టం వేడినీళ్ళు పోస్తే గానీ తెరుచుకోలేదు. పైపులకు యూనియన్లు (మర తిప్పి విప్పే జాయింట్లు) ఉన్న చోట చేత్తో విప్పాను, అతికించేసిన చోట రంపమే గతి. గాజుకు పట్టిన మరకల్ని బ్లేడుతో గీకాను, సిలికాన్ అంచుల జోలికి పోకుండా. అక్రిలిక్ ట్యాంకైతే ప్లాస్టిక్ కార్డే వాడాలి.

రాళ్ళ మీద జోయాంథిడ్లు (పగడాలకు దగ్గరి చుట్టాలైన చిన్న జీవులు) ఉన్నవాళ్ళు వాటిని రుద్దొద్దు, వేడినీళ్ళు పొయ్యొద్దు. కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది, ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.

కొత్త నీళ్ళను సాంద్రత 1.025, వేడి 25 డిగ్రీల దగ్గర కుదిరాకే పోశాను. మొదట్లో మసకగా ఉన్నా తేరుకున్నాయి. చేపలకు విషమైన అమ్మోనియా పెరిగిందేమో మాత్రం కొన్నాళ్ళపాటు రోజూ చూసుకోవాలి, ఆ టెన్షన్ తప్పదు.

ట్యాంకు, పంపు మళ్ళీ ఇవే కొంటాను. స్కిమ్మర్ మార్చేస్తాను, పైపులన్నిటికీ యూనియన్లు పెట్టిస్తాను.