లేజీ ఐకి ప్యాచా, చుక్కల మందా? ఏది మేలు?

పిల్లలకి లేజీ ఐ, అంటే ఒక కన్ను చూపు సరిగ్గా ఎదగక బద్ధకంగా ఉండిపోవడం, అని తేలగానే ఇంట్లో మొదలయ్యే గొడవ ఇదే, ఆ కన్నుతో పని చేయించడానికి బాగున్న కన్నుకి ప్యాచ్ వేసి మూయాలా, చూపు మసకబార్చే అట్రోపిన్ చుక్కలు వేయాలా అని. అసలు ఈ రెండిటికన్నా ముందు అద్దాలు. మా పాపకి ఒక కన్ను ప్లస్ ఒకటి, ఇంకోటి ప్లస్ నాలుగున్నర, మెల్ల లేదు, టీవీ దగ్గరికెళ్ళి చూడటం లేదు, స్కూల్లో కళ్ళ చెకప్ పెట్టబట్టి తెలిసింది గానీ లేకపోతే మాకు అనుమానమే రాదు. మూడు రోజులు కంటి ఫోకస్‌ని సడలించే ఆయింట్‌మెంట్ పెట్టించి పవర్ చూశారు, అలాంటి మందు లేకుండా చూసిన పవర్‌ని ఈ వయసులో నమ్మడానికి లేదు.

అద్దాలే కదా అని తీసిపారేయకండి. పవర్ తేడా వల్ల లేజీ ఐ వచ్చిన పిల్లల మీద 2006లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది, అందులో నాలుగో వంతు పైగా పిల్లలకి ప్యాచ్ జోలికి పోకుండా అద్దాలతోనే సరిపోయింది. కాబట్టి డాక్టర్ కొన్ని వారాలు అద్దాలు పెట్టి చూద్దాం అంటే టైం వేస్ట్ చేస్తున్నారని కంగారు పడొద్దు. అదృష్టం, అదే పోతుంది అని పెద్దవాళ్ళు వదిలేయమనేది మెల్లకన్ను విషయంలో, ఆ మాట మాత్రం వినకండి, మెల్ల వల్ల కూడా లేజీ ఐ వస్తుంది.

ఇక ప్యాచ్. చర్మానికి అంటించేదే తీసుకోండి, అద్దాల మీద తొడిగే గుడ్డ ప్యాచ్ అయితే పిల్లలు తల కాస్త పక్కకి తిప్పి ముక్కు పక్క సందులోంచి హాయిగా చూసేస్తారు, మనం వేశాం అనుకుంటాం అంతే. అంటించేదాంతో కష్టం తీసేటప్పుడు, కనుబొమ్మ వెంట్రుకలు లాగేస్తుంది, తడిగుడ్డతో కాసేపు అద్ది మెల్లగా తీయాలి. ఎన్ని గంటలు అంటే, ఓ మోస్తరు లేజీ ఐకి రోజుకి 2 గంటలు వేసినా 6 గంటలు వేసినా దాదాపు ఒకటే ఫలితం అని 2003లోనే తేలింది, బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి 6 గంటలు వేసినా, రోజంతా వేసినా ఒకటే. ఏడుపుల మధ్య ఆరు గంటలు రాసి ఒక గంట వేయడం కన్నా, రంగులేసుకుంటూ ఆ రెండు గంటలు నిజంగా వేయడమే నయం.

చుక్కల పద్ధతి వేరు, 1 శాతం అట్రోపిన్ బాగున్న కంట్లో వేస్తే దగ్గరివి మసగ్గా కనపడి బద్ధకం కన్నుకి పని తప్పదు. పీకేయడానికి ఏమీ ఉండదు, స్కూల్లో ఎవరూ ఏంటిది అని అడగరు, శని ఆదివారాలు వేసినా రోజూ వేసినంత పని చేస్తుంది. నెల ఖర్చు చూసినా చుక్కలే చవక. కానీ కనుపాప పెద్దదై ఎండలోకి వెళ్తే పిల్లలు కళ్ళు మూసేసుకుంటారు, మన వేసవిలో అది చిన్న విషయం కాదు, టోపీ ఉండాల్సిందే. చుక్క వేశాక ముక్కు పక్క కంటి మూల కాసేపు నొక్కిపట్టాలి. మొహం ఎర్రబడి ఒళ్ళు కాలితే ఆపేసి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. సీసా పిల్లలకి అందకూడదు, లోపలికి పోతే ప్రమాదం. ఇంకోటి, మైనస్ పవర్ పెరగకుండా వేసే 0.01 శాతం అట్రోపిన్ వేరే, పక్కింటివాళ్ళది తెచ్చి వేస్తే లాభం లేదు. బాగున్న కన్నుకి మైనస్ ఉన్నా ఈ పద్ధతి అంత కలిసిరాదు, అద్దాలు తీస్తే దగ్గరివి ఎలాగూ కనిపిస్తాయి కాబట్టి.

ఫలితం సంగతి అయితే 2002 స్టడీలో 3 నుంచి 7 ఏళ్ళ లోపు 419 మంది పిల్లల్ని చూశారు, ఆరు నెలలకి ప్యాచ్ వాళ్ళు చార్టులో మూడు లైన్ల పైన, చుక్కల వాళ్ళు మూడుకి కాస్త తక్కువ మెరుగయ్యారు, ప్యాచ్‌తో మొదట్లో స్పీడుగా వచ్చింది అంతే తేడా. నా ఓటు ప్యాచ్‌కే, ఎండాకాలం ఒక కారణం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు అనేది రెండోది, చుక్క ప్రభావం అయితే వారం పైనే ఉంటుంది. కానీ ప్యాచ్ చూడగానే ఇల్లు ఎక్కి అరిచే పిల్లాడికి, పగలంతా క్రెష్‌లో వదిలే అమ్మానాన్నలకి చుక్కలే బెటర్.

ఏది ఎంచుకున్నా చెకప్‌లు మానొద్దు, బాగున్న కంటి చూపే తగ్గిపోయే అవకాశం రెండిట్లోనూ ఉంది. బాగైంది కదా అని ఆపాక కూడా సుమారు నాలుగో వంతు పిల్లల్లో ఏడాది లోపు చూపు మళ్ళీ తగ్గుతుంది, ముఖ్యంగా ఆరు గంటలు వేస్తున్నవాళ్ళు ముందు రెండు గంటలకి దించి, అప్పుడు ఆపొచ్చా అని డాక్టర్‌ని అడగండి.