ఫెర్రర్ అంటే కమ్మరి: బార్సిలోనా, వాలెన్సియా, రిపోల్

మా అనంతపురంలో ఫెర్రర్ పేరు తెలియనివాళ్లు అరుదు. 1969లో మా జిల్లాకు వచ్చి, 2009లో కన్నుమూసేదాకా పల్లెల్లో పేదల కోసం పనిచేస్తూ మాతోనే ఉండిపోయిన ఒకప్పటి క్రైస్తవ మతగురువు విసెంటె ఫెర్రర్ మా అమ్మకి ఇప్పటికీ ‘ఫాదరే’. ఆయన పుట్టిన బార్సిలోనా చూడాలని వెళ్లాను. ఫెర్రర్ అంటే ఆ ప్రాంతపు కాటలాన్ భాషలో కమ్మరి అని అక్కడే తెలిసింది.

లాటిన్‌లో ఇనుము ‘ఫెర్రుమ్’. కాస్టిలియన్‌లో, అంటే మనం స్పానిష్ అనే భాషలో, మొదటి ‘ఫ’ జారిపోయి కమ్మరి ‘ఎర్రేరో’ అయ్యాడు. కాటలాన్‌లో ‘ఫ’ నిలిచింది. ఇటలీ ఫెర్రారీదీ అదే వేరు. బార్సిలోనాలో మాత్రం చివరి ‘ర్’ పలకరు, ‘ఫెర్రే’ అంటారు. నేను ఫెర్రర్ అన్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగి చూసేవాళ్లు.

పాత బార్సిలోనాలో వీధుల పేర్లే వృత్తులు: అర్జెంతెరియా వెండి పనివాళ్లది, సొంబ్రెరెర్స్ టోపీలవాళ్లది. నడవడానికి ఎంతో బాగుంటుంది కానీ రాత్రి బస అక్కడ వద్దు. నా గది కిటికీ కింద రెండింటిదాకా కేకలే, నిద్ర లేదు. మర్నాడే మెట్రోకు దగ్గరగా వేరే చోటికి మారాను.

ఫోన్‌లో చెబితే అమ్మ అడిగింది, “అయితే ఫాదర్ వాళ్లు కమ్మరోళ్లా?” జవాబు వాలెన్సియాలో దొరికింది. రైల్లో మూడు గంటలు. 1350లో పుట్టిన, ఫాదర్ పేరే ఉన్న క్రైస్తవ సాధువు సెయింట్ విన్సెంట్ ఫెర్రర్ ఇల్లు అక్కడుంది, లోపల చిన్న బావి. ఆయన తండ్రి కొలిమి దగ్గర పనిచేసినవాడు కాదు, దస్తావేజులు రాసే నోటరీ. అంటే అప్పటికే పని పోయి పేరు మిగిలింది! ఇల్లు మాత్రం 20వ శతాబ్దంలో చాలావరకు తిరిగి కట్టినది. దీనికోసమే అంత దూరం వెళ్లమని చెప్పను.

వెళ్లాల్సింది రిపోల్‌కి. బార్సిలోనా నుంచి లోకల్ రైల్లో సుమారు రెండు గంటలు, కొండల దారి. అక్కడి ఫార్గా పలావు పాతకాలపు కాటలాన్ కొలిమి, 1978 దాకా పనిచేసింది. మన కమ్మరి తిత్తి ఊదినట్టు ఇక్కడ ఎవరూ ఊదనక్కర్లేదు. పైనుంచి గొట్టంలో పడే నీళ్లు గాలిని తమతో లాక్కొచ్చి, కింద పెట్టెలో వదిలేస్తాయి. నీళ్లు ఒక పక్కకి, గాలి కొలిమిలోకి. ఆ వేడికి ఇనుము నీరైపోదు, స్పాంజి లాంటి ముద్ద అవుతుంది. దాన్ని నీటి చక్రంతో లేచిపడే సమ్మెట కింద పెట్టి కొడతారు. సమ్మెట అంటున్నాను కానీ దాని పిడి ఓ దూలమంత! మా ఊరి కొలిమి ముందు కూర్చుని పెరిగినవాడిని, చాలాసేపు అక్కడినుంచి కదల్లేకపోయాను.

కొలిమి చూపించే వేళలు రిపోల్ మ్యూజియంలో ముందే కనుక్కోండి. మిగిలిన పూటకి ఊళ్లోని మఠానికి 12వ శతాబ్దపు రాతి ద్వారం ఉంది. శాకాహారులకు టమాటా రుద్దిన రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది, ఆలివ్ నూనెతో చాలా బాగుంటుంది. సాయంత్రం రైలుకి తిరిగొచ్చేయొచ్చు.