ఓనర్ ఒప్పుకున్నా మేనేజర్ కదలలేదు: మారతహళ్లి ఫ్లాట్ అనుభవం

2022లో బెంగళూరు మారతహళ్లిలో అద్దెవాళ్లు ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఒకటి కొన్నాను. ఓనర్ ఉండేది పుణెలో. ఇక్కడి వ్యవహారమంతా ఒక ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీ చూసుకునేది. కొనేటప్పుడు వాళ్లతో పడ్డాను, కొన్నాక ఏడాదిన్నర వాళ్లనే పెట్టుకున్నాను. అందుకే ఈ సమీక్ష.

కొనేముందు నేనడిగింది రెండే: అద్దె అగ్రిమెంట్ కాపీ, అద్దెవాళ్ల దగ్గర అడ్వాన్స్ ఎంత తీసుకున్నారో లెక్క. మేనేజర్ "ఓనర్ మెయిల్ పెట్టాలి సార్" అన్నాడు. ఓనర్ మెయిల్ పెట్టారు. అయినా మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అచ్చం అదే. పైగా అతను తెలుగువాడే, ఆ మొహమాటంతో నేనూ గట్టిగా అడగలేదు.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా) శుభ్రంగా ఉంది కదా అనుకుంటాం. కానీ పదకొండు నెలల అగ్రిమెంట్‌ను మామూలుగా ఎవరూ రిజిస్టర్ చేయించరు, కాబట్టి అడ్వాన్స్ సంగతి ఈసీలో తేలదు. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం పోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం పాత ఓనర్ స్థానంలోకి కొన్నవాడు వస్తాడు. రేపు ఖాళీ చేసేటప్పుడు అద్దెవాళ్లు అడ్వాన్స్ అడిగేది నన్నే.

చివరికి ఒక ఆదివారం నేనే వెళ్లి తలుపు తట్టాను. నెల్లూరువాళ్లు. ఇంటావిడ కాఫీ ఇచ్చి, "లక్షన్నర కట్టాం అన్నా, ఇదిగో ట్రాన్స్‌ఫర్" అని ఫోన్‌లో చూపించింది. ఓనర్‌కు మేనేజర్ చెప్పింది లక్ష. అగ్రిమెంట్ గడువు తీరి అప్పటికే ఎనిమిది నెలలు. అసోసియేషన్ ఆఫీసులో అడిగితే నాలుగు నెలల మెయింటెనెన్స్ బాకీ అన్నారు. అద్దెలోంచి మాత్రం కంపెనీవాళ్లు అది ప్రతి నెలా కోసుకుంటూనే ఉన్నారట!

రిజిస్ట్రేషన్ రోజునే ఓనర్ లక్షన్నర నా ఖాతాలో వేశారు. ఆయన, నేను, అద్దెవాళ్లు సంతకాలు పెట్టి కొత్త కాగితం రాసుకున్నాం. మెయింటెనెన్స్ బాకీ కూడా ఆయనే కట్టి, అసోసియేషన్ నుంచి లెటర్ తెచ్చిచ్చారు.

ఇంత తెలిశాక కూడా అదే కంపెనీని ఎందుకు ఉంచుకున్నావంటే, నేనుండేది ఎలక్ట్రానిక్ సిటీలో. ప్రతి చిన్న రిపేరుకీ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి వెళ్లే ఓపిక లేక అద్దెలో ఎనిమిది శాతం ఇచ్చాను. అద్దె కంపెనీ ఖాతాలో పడి, అక్కణ్నుంచి నాకు ఒక నెల పదో తారీఖున, ఇంకో నెల ఇరవయ్యో తారీఖున వచ్చేది. నెల్లూరువాళ్లు ఖాళీ చేసినప్పుడు కంపెనీవాళ్లు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకున్నారు. వెళ్లి చూస్తే హాల్లో ఒక గోడకే రంగు పడింది. ఆ డబ్బు నేను నా జేబులోంచి నెల్లూరువాళ్లకు తిరిగి పంపి, ఆ వారమే కంపెనీని మానిపించాను.

ఐదుకు ఒకటిన్నర ఇస్తాను. ఆ అర మార్కు ప్లంబర్‌ది, పిలిస్తే గంటలో వచ్చేవాడు. ఇప్పుడు అద్దె నేరుగా నాకే వస్తోంది, అతని నంబర్ మాత్రం ఉంచుకున్నాను.