నడుం నొప్పికి మాగ్నెట్ పరుపు కొనబోతున్నారా? కాస్త ఆగండి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళందరికీ చెప్తున్నాను. "నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, ఉచిత శిబిరం" అంటూ ఆటోకి మైకు కట్టి తిరుగుతున్నవాళ్ళ దగ్గర మాగ్నెట్ పరుపు కొనకండి. మా అత్తయ్య చేత 38,000 రూపాయలు కట్టించుకున్నారు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ పరుపుని నమ్ముకుని అసలు జబ్బు ముదరడం ఇంకో ఎత్తు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

శిబిరం ఎలా నడుస్తుందంటే, కల్యాణ మండపంలో ఫ్యాన్లు, టీ, బిస్కెట్లు. పరుపులు అమ్మేవాడు మాట్లాడేది అచ్చం శ్రీకాకుళం యాస. ఒడియా ఊళ్ళో మనవాడు దొరికాడన్న సంబరంతోనే సగం మంది పడిపోతారు. ముసలివాళ్ళని ఒక్కొక్కరినే లేపి చెయ్యి పక్కకి చాపమంటాడు. రెండు వేళ్ళతో నొక్కితే మనిషి తూలిపోతాడు. తర్వాత పరుపు ముక్క మీద నిలబెట్టి మళ్ళీ నొక్కుతాడు, ఈసారి కదలరు. హాలంతా చప్పట్లు. మా మరిది ఫోన్లో తీసిన వీడియో ఇంటికొచ్చి నిదానంగా చూస్తే కిటుకు దొరికింది. మొదటిసారి మణికట్టు మీద, ఒంటికి దూరంగా లాగుతున్నట్టు నొక్కుతున్నాడు. రెండోసారి మోచేతికి దగ్గరగా, పాదాల వైపుకి. మా వంటింట్లో గోనెసంచి మీద నిలబెట్టి అలాగే నొక్కినా ఎవరూ తూలలేదు.

"డిస్కు దానంతటదే సర్దుకుంటుందమ్మా, ఆపరేషన్ అక్కర్లేదు" అని అత్తయ్యతో అన్నాడట. అసలు ఆవిడకి డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ) సమస్య అని ఎవరు చెప్పారు? నొప్పి ఎప్పట్నుంచి, పడుకున్నా తగ్గడం లేదా, జ్వరం వస్తోందా, కాలు తిమ్మిరెక్కుతోందా, ఒక్క ప్రశ్న కూడా లేదు. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు ఉన్నారా అని సైతం అడగలేదు. బలమైన అయస్కాంతం దానికి దగ్గరగా ఉండకూడదని ఆ యంత్రం పెట్టే డాక్టర్లే చెప్తారు.

పరుపు జిప్పు తీసి చూశాం. పైన పట్టులాంటి గుడ్డ. దాని కింద రంగురంగుల ఫోమ్ ముక్కలు అతికించిన దిమ్మ. మధ్యలో అట్టకి గమ్‌తో అంటించిన నల్లటి అయస్కాంత బిళ్ళలు, పాత స్పీకర్లలో ఉండేలాంటివి. కొన్ని అప్పటికే ఊడి ఒక మూలకి చేరాయి. ఇలాంటి అయస్కాంతాలతో నొప్పి తగ్గుతుందా అని జరిగిన పరీక్షల్ని కలిపి చూసిన పరిశోధకులు, తగ్గుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు. పరుపు వల్ల లాభమే ఉండదని కాదు. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద చేసిన పరీక్షలో, మరీ గట్టి పరుపు కంటే మధ్యస్తంగా ఉన్నది వాడినవాళ్ళకి నడుం నొప్పి ఎక్కువ తగ్గింది. నేల మీద పడుకోమనే మన పెద్దవాళ్ళకి ఇది నచ్చదనుకోండి.

ఇక అసలు సంగతి. పరుపు మీద పడుకోవడం మొదలుపెట్టాక అత్తయ్యకి నొప్పి తగ్గకపోగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులైపోయాయి. ఫోన్ చేస్తే "ఒంట్లో విషం బయటికి పోతోంది, ఓపిక పట్టండి" అన్నాడు. చివరికి బరంపురం తీసుకెళ్తే ఎమ్మారై, ఇంకొన్ని పరీక్షలు చేసి వెన్నెముక టీబీ అన్నారు. దగ్గు లేదు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. టీబీ క్రిములు రక్తంలోంచి వెన్నుపూసలోకి చేరి ఎముకని తినేస్తాయట. ఆలస్యమైతే కాళ్ళు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. మందులు దాదాపు ఏడాది వాడాలి, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పౌష్టికాహారానికి నెలకి 1,000 రూపాయలు కూడా ఖాతాలో వేస్తారు. పరీక్ష ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో అని టెన్షన్ పడక్కర్లేదు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ నంబరు ఒకసారి వచ్చిందంటే ఇచ్ఛాపురం అవతలైనా ఇవతలైనా అదే నడుస్తుంది.

ప్రతి నడుం నొప్పీ టీబీ అని భయపెట్టడం లేదు. ఎక్కువ మందికి ఫలానా కారణం అంటూ దొరకదు. కండరాలు, కీళ్ళు, కూర్చునే పని, బరువులు, నిద్రలేమి, దిగులు అన్నీ కలుస్తాయి. మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటారు. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగితే డిస్కు నరాన్ని నొక్కుతుండొచ్చు. కాస్త నడవగానే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటే హాయి అనిపిస్తే నరాల దారి ఇరుకైందేమో చూస్తారు. కుర్రవాళ్ళకి పొద్దున్నే నడుం బిగుసుకుపోయి, తిరిగితే తేలికపడుతుంటే అది ఒక రకం వాతం కావచ్చు. పెద్ద వయసు ఆడవాళ్ళకి చిన్న జారుడికే గుల్లబారిన వెన్నుపూస నలిగిపోతుంది. వీటన్నిటికీ ఒకే పరుపట! మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు బలం తగ్గినా, జ్వరంతో బరువు తగ్గుతున్నా పరుపు, పట్టీ అని చూడకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఫలానా కారణం దొరకని దీర్ఘకాలిక నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో వ్యాయామం ఉంది. నడుం బెల్టు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) మాత్రం మామూలు చికిత్సలో భాగంగా వాడొద్దంది. మన శిబిరంలో బెల్టు "ఫ్రీ".

పరుపుతో పేరు, చీటీ లేని పొడి డబ్బా కూడా ఇస్తున్నారు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపే మోసాలు మన దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి. వారాల తరబడి తిన్నవాళ్ళు ఉన్నట్టుండి మానకండి, డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

డబ్బు విషయం. మాకు ఇచ్చింది జీఎస్టీ నంబరు లేని ఎస్టిమేట్ కాగితం, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". అడిగితే "మీది ఒడిశా, మాది ఆంధ్రా, ఎక్కడ కేసు వేస్తారు?" అన్నాడు. ఆ బెదిరింపుకి లొంగొద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మేం చేశాం, ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

గుణుపురంలో అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఉన్నారని విన్నాను. మిగతా సొమ్ము కట్టకండి. అడ్వాన్స్ రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, శిబిరం పాంప్లెట్ మూడూ దాచి ఉంచండి.