డ్రాఫ్ట్ లిస్టు, ట్రేడ్ కబురు అంటూ డబ్బు అడుగుతున్నారా? జాగ్రత్త, నాకు 850 డాలర్లు పోయాయి

అమెరికాలో ఉంటూ, పిల్లల పుణ్యమా అని బేస్‌బాల్ పిచ్చిలో పడ్డ తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. డాలస్ చుట్టుపక్కల వాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చదవండి, ఎందుకంటే నాకు తెలిసి ఆ మనిషి వల మొదట వేసింది ఇక్కడే.

మేజర్ లీగ్ టీముల 'లోపలి సమాచారం' అంటూ ఒకాయన నెలవారీ సభ్యత్వం అమ్ముతున్నాడు. ఎవరు ఏ టీముకి ట్రేడ్ అవుతారో (అంటే ఏ ఆటగాడు ఏ టీముకి చేతులు మారతాడో), జూలై డ్రాఫ్ట్‌లో (టీములు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) ఏ కుర్రాడు ఎన్నో స్థానంలో పోతాడో ముందే చెబుతానంటాడు. నేను కొన్నాను. నెలకు 60 చొప్పున నాలుగు నెలలకు 240 డాలర్లు, ఆ తర్వాత అంటగట్టిన కార్డులకు 610. పేరు రాయను. మన తెలుగువాడే. మాట తీరు వింటే ఎవరైనా నమ్ముతారు, అదే అతని పెట్టుబడి.

అసలు నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది ఇలాగే వచ్చి ఉంటారు. 2023 వరకు మా డాలస్ వైపు టీము రేంజర్స్ మ్యాచ్‌కి వెళ్తే హాట్‌డాగ్ తిని ఏడో ఇన్నింగ్స్‌లో లేచి పార్కింగ్ వైపు నడిచే రకం నేను. ఆ జూలైలో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్‌లో, 20వ పిక్‌గా (ఎంపికగా) అర్జున్ నిమ్మల అనే ఫ్లోరిడా హైస్కూల్ కుర్రాడిని తీసుకుంది. వయసు పదిహేడు. ముప్పై లక్షల డాలర్లకు సంతకం చేశాడు. ఆ ఇంటిపేరు చదివి వినిపించగానే ఊళ్లో ఉన్న మా నాన్నగారు ఫోన్లోనే "మనవాళ్ల పిల్లాడేరా!" అన్నారు. ఆయనకి బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. మా అబ్బాయి అప్పుడే పిల్లల బేస్‌బాల్, లిటిల్ లీగ్‌లో చేరాడు. ఇంక ఇంట్లో పొద్దున లేస్తే మైనర్ లీగ్ స్కోర్లు, సాయంత్రం ట్రేడ్ కబుర్లు.

2025 ఏప్రిల్‌లో ఒక బర్త్‌డే పార్టీలో ఈ మనిషి తగిలాడు. "ఒక టీము స్కౌటింగ్‌లో, అదే కుర్రాళ్లని వెతికే విభాగంలో, నాకు మనిషి ఉన్నాడన్నా. బయటికి చెప్పకూడదు, మనవాళ్లని చెబుతున్నా" అన్నాడు. ఫోన్ తీసి పాత మెసేజ్‌లు చూపించాడు. 2023లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ మొదటి పిక్‌గా పాల్ స్కీన్స్‌ని తీసుకుంటుందని, 2024లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ ట్రావిస్ బజానాని తీసుకుంటుందని, రెండూ డ్రాఫ్ట్‌కి ముందు తేదీలతో ఉన్నాయి. రెండూ నిజమయ్యాయి కదా! ఆ రాత్రే డబ్బు పంపాను.

జూన్ 15న రఫాయెల్ డెవర్స్ అనే స్టార్‌ని బోస్టన్ శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేసింది గుర్తుందా? ఆదివారం సాయంత్రం పిడుగు పడ్డట్టు వచ్చిన వార్త అది. ఒక్క గంటలో మా సభ్యుల చాట్ గ్రూపులో ఈయన "వారం క్రితమే చెప్పాను, పైకి వెళ్లి చూసుకోండి" అని పెట్టాడు. పైకి వెళ్లి చూస్తే నిజంగానే ఉంది. అందరూ చప్పట్లు, దండాలు. ఆ మెసేజ్ మూలన చిన్న అక్షరాల్లో 'ఎడిటెడ్' అని ఉన్న సంగతి నేను చూసింది ఆగస్టులో. వారం క్రితం అక్కడ ఏం రాసి ఉందో దేవుడికెరుక.

ఇక డ్రాఫ్ట్. జూలై 13, ఆదివారం, అట్లాంటాలో. ఆ ఏడాది మొదటి పిక్ వాషింగ్టన్ నేషనల్స్‌ది. డ్రాఫ్ట్‌కి సరిగ్గా వారం ముందు వాళ్లు జనరల్ మేనేజర్‌ని, టీము మేనేజర్‌ని ఇద్దర్నీ పీకేశారు. అంటే లోపల ఉన్నవాళ్లకే ఏం జరుగుతుందో తెలియని పరిస్థితి. అయినా ఆ పొద్దున మా గ్రూపుకి ధీమాగా లిస్టు వచ్చింది. ఒకటో పిక్: ఈథన్ హాలిడే, ఓక్లహోమా హైస్కూల్ కుర్రాడు. 'నూటికి నూరు పాళ్లు' అని కూడా రాశాడు.

సాయంత్రం నేషనల్స్ తీసుకున్నది ఈలై విలిట్స్‌ని. వీడూ ఓక్లహోమా హైస్కూలే, కానీ వేరే కుర్రాడు. హాలిడే నాలుగో స్థానంలో కొలరాడో రాకీస్‌కి వెళ్లాడు. సరే, ఎవరికైనా తప్పు పోతుందిలే అనుకున్నాను. మర్నాడు పొద్దున ఈయన కొత్త సభ్యుల కోసం ఒక ప్రకటన వదిలాడు. అందులో జూలై 13 తేదీతోనే స్క్రీన్‌షాట్, 'ఒకటో పిక్: విలిట్స్'!

నాకు మతి పోయింది. న్యూజెర్సీలో ఉన్న నా పాత రూమ్మేట్ కూడా ఈయన దగ్గరే చేరాడని గుర్తొచ్చి ఫోన్ చేశాను. వాడి గ్రూపుకి వచ్చిన లిస్టులో ఒకటో పిక్ కేడ్ ఆండర్సన్, ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఎడమచేతి పిచర్. ఆండర్సన్ నిజానికి మూడో స్థానంలో సియాటిల్‌కి వెళ్లాడు. విషయం అప్పుడు అర్థమైంది. సభ్యులని విడివిడి గ్రూపులుగా పెట్టి, ఒక్కో గ్రూపుకి ఒక్కో పేరు పంపుతున్నాడు. అవకాశం ఉన్నవాళ్లు నలుగురో ఐదుగురో ఉన్నప్పుడు ఏదో ఒక గ్రూపులో తగలక చస్తుందా? తగిలిన గ్రూపు స్క్రీన్‌షాట్ మర్నాడు ప్రకటన అవుతుంది. నాకు ఏప్రిల్‌లో చూపించిన స్కీన్స్, బజానా మెసేజ్‌లు కూడా ఇలా పుట్టినవే అయ్యుండాలి. మన ఊళ్లలో జోస్యుడు 'ఆడపిల్ల కాదు మగపిల్లాడు' అని చీటీ రాసిచ్చి, ఏ బిడ్డ పుడితే ఆ రకంగా విరిచి చదివేవాడని చెప్పుకుంటాం కదా. ఆ జోస్యుడు నయం, ఒక్క చీటీతోనే సరిపెట్టాడు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ మంచి ఆటగాడికే పోతుందనే లెక్క లేదు, అందుకే దీన్ని ఖాయంగా చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్రతి టీముకీ మొదటి పది రౌండ్లకు కలిపి, కుర్రాళ్లకి సంతకానికి ఇచ్చే బోనస్ కోటా ఉంటుంది. ఆ కోటాని ఐదు శాతం మించి దాటితే రాబోయే ఏళ్ల పిక్‌లు పోతాయి. అందుకని టీములు ఒకడికి తక్కువ ఇచ్చి, మిగిలింది కింద రౌండ్లలో ఎక్కువ అడిగే కుర్రాళ్ల మీద పెడతాయి. ఆ ఏడాది మొదటి స్థానానికి లీగ్ కట్టిన విలువ 1.1 కోట్ల డాలర్లకు పైనే. విలిట్స్ సంతకం చేసింది 82 లక్షలకు. మూడో స్థానంలో పోయిన ఆండర్సన్‌కి 88 లక్షలు, నాలుగో స్థానంలో పోయిన హాలిడేకి 90 లక్షలు! ఒకటో వాడికన్నా నాలుగో వాడికి ఎక్కువ. ఈ బేరాలు ఏజెంట్లతో ఆఖరి గంట దాకా నడుస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు 'నూటికి నూరు పాళ్లు' అన్నవాడు రెండో పిక్‌గా ఏంజెల్స్ టైలర్ బ్రెమ్నర్‌ని తీసుకుంటుందని ఏ గ్రూపులోనైనా రాశాడా అని అడిగి చూశాను. నాకు తెలిసినవాళ్లెవరికీ రాలేదు.

ఇంత తెలిశాక కూడా నేను బయటికి రాలేదు. అదీ నా తెలివి. ఎందుకంటే అప్పటికే కార్డుల్లో దిగి ఉన్నాను.

జూలై మొదటి వారంలో ఈయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. మా ఇంటికి దగ్గర్లో ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ ఆడుతుంది, రేంజర్స్ వారి డబుల్-ఎ టీము, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఆడే కుర్రాళ్ల టీము. అందులో ఒక కుర్రాడు ట్రేడ్‌ల ఆఖరి గడువు, డెడ్‌లైన్ లోపు యాంకీస్‌కి వెళ్తున్నాడని, న్యూయార్క్ చేరగానే అతని ఆటోగ్రాఫ్ కార్డు ధర రెండింతలు అవుతుందని, ఇప్పుడే కొని పెట్టుకోమని. "మా ఫ్రెండ్ దగ్గర స్టాక్ ఉందన్నా, నీకోసం ఆపించా." ఆ కుర్రాడి ఆట మేము కళ్లారా చూశాం, మావాడు అతని దగ్గర బాల్ మీద సంతకం కూడా తీసుకున్నాడు. పైగా ఆ మార్చిలోనే స్కీన్స్ కార్డు ఒకటి వేలంలో 11 లక్షల డాలర్లు పలికిందన్న వార్త బుర్రలో తిరుగుతోంది. పన్నెండు కార్డులకు 610 డాలర్లు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) కొట్టాను.

కార్డులు వచ్చాయి. 'ఫస్ట్ బౌమన్' (బౌమన్ బ్రాండ్‌లో ఆటగాడి మొట్టమొదటి కార్డు) అని చెప్పి అమ్మాడు. అసలైన ఫస్ట్ బౌమన్ కార్డు మీద '1ఎస్‌టీ' అనే గుర్తు ముద్రించి ఉంటుంది, కలెక్టర్లు ధర పెట్టేది దానికే. నాకొచ్చిన పన్నెండింటిలో ఒక్కదాని మీదా ఆ గుర్తు లేదు. సంతకాలు కార్డు మీద పెన్నుతో గీసినవి, కంపెనీ ధ్రువీకరణ లేదు. షాపులో చూపిస్తే ఆ అబ్బాయి జాలిగా చూసి, మొత్తం కలిపి 25 ఇస్తానన్నాడు.

జూలై 28న మరో 'బ్రేకింగ్' వచ్చింది. రేంజర్స్ ఈ నెల డ్రాఫ్ట్‌లో తీసుకున్న మొదటి కుర్రాడిని, వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్‌ని కలిపి ఇచ్చి ఒక స్టార్‌ని తెస్తోందట. ఇది మావాడి కోచ్‌కి చెప్పాను, పెద్ద విశేషం మోసుకొచ్చినట్టు. ఆయన నవ్వి, ఆ రెండూ రూల్ ప్రకారమే కుదరవని చెప్పాడు. డ్రాఫ్ట్‌లో తీసుకున్న ఆటగాడిని ఆ ఏడాది వరల్డ్ సిరీస్ అయ్యేదాకా ట్రేడ్ చేయకూడదు. ఇక మొదటి రౌండ్ పిక్‌లని బాస్కెట్‌బాల్‌లో, ఫుట్‌బాల్‌లో ఇచ్చిపుచ్చుకున్నట్టు ఇక్కడ ఇవ్వలేరు. చిన్న మార్కెట్ టీములకు అదనంగా ఇచ్చే 'కాంపిటిటివ్ బ్యాలెన్స్' పిక్‌లని మాత్రమే ట్రేడ్ చేయొచ్చు. డెవర్స్ ట్రేడ్‌లో బోస్టన్‌కి వెళ్లిన జేమ్స్ టిబ్స్‌ని చూడండి. 2024 జూలైలో డ్రాఫ్ట్ అయ్యాడు, చేతులు మారింది 2025 జూన్‌లో. స్కౌటింగ్‌లో మనిషి ఉన్నవాడికి ఈ ఓనమాలు తెలియవా?

మీకెవరైనా ఇలాంటి కబురు అమ్మజూపితే ఈ రెండు రూల్స్ దగ్గర పెట్టుకోండి, సగం సరుకు అక్కడే రాలిపోతుంది. ఇంకోటి, పదేళ్ల సర్వీసు ఉండి అందులో ఆఖరి ఐదేళ్లు ఒకే టీములో ఉన్న ఆటగాడు ట్రేడ్‌ని వద్దనగలడు. పేరున్న పాత ఆటగాడి మీద 'ఖాయమైపోయింది' అనే మాట వస్తే ముందు అది చూడండి.

డెడ్‌లైన్ జూలై 31, మన డాలస్ టైం సాయంత్రం ఐదు. రేంజర్స్ చివరికి అరిజోనా నుంచి మెరిల్ కెల్లీని తెచ్చుకుంది, ముగ్గురు కుర్ర పిచర్లని ఇచ్చి. నా పన్నెండు కార్డుల కుర్రాడు ఫ్రిస్కోలోనే ఉన్నాడు. మేము ఆ వారాంతం వెళ్లి అతని ఆట చూశాం కూడా. పాపం, అతనికేం తెలుసు.

రిపోర్టర్లకూ తప్పులు పోతాయి కదా అని మీరు అనొచ్చు. పోతాయి. 2023 డిసెంబర్ 8న, కొత్త టీము వెతుక్కుంటున్న జపాన్ స్టార్ ఓటాని టొరంటో విమానం ఎక్కాడని వార్త వచ్చింది, జనం ఆ విమానాన్ని మ్యాప్‌లో వెంటాడారు, తీరా దిగింది ఒక కెనడా వ్యాపారవేత్త. మర్నాడు ఓటాని పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు డాడ్జర్స్‌కి వెళ్తున్నానని తనే చెప్పాడు. 2015లో న్యూయార్క్ మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్ తనని ట్రేడ్ చేశారని విని మైదానంలోనే కళ్లు తుడుచుకున్నాడు, తీరా ఆ ట్రేడ్ జరగనే లేదు. రెండు రోజుల తర్వాత అదే మెట్స్‌కి హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. కానీ టొరంటో విమానం వార్త రాసిన రిపోర్టర్ తన పేరుతోనే రాశాడు, పేరుతోనే క్షమాపణ చెప్పాడు. వార్త మార్చి పాత తేదీ కింద దాచలేదు, దాన్ని పట్టుకుని కార్డులు అమ్ముకోలేదు.

ఆగస్టు మొదట్లో డబ్బు వెనక్కి అడిగాను. మొదట "మార్కెట్ అన్నాక రిస్క్ ఉంటుందన్నా" అన్నాడు. స్క్రీన్‌షాట్లు ముందుపెట్టాక "నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావ్, అవి వినోదం కోసం" అన్నాడు. ఆ మర్నాడు గ్రూపులోంచి తీసేశాడు, నంబర్ బ్లాక్ చేశాడు. కార్డులు పంపిన ఆ 'ఫ్రెండ్' జెల్ ఖాతా ఎవరి పేరు మీద ఉందో అప్పుడు చూశాను. ఈయన ఇంటిపేరే. బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరే స్వయంగా పంపారు కాబట్టి మేమేం చేయలేమన్నారు. క్రెడిట్ కార్డు మీద కొని ఉంటే కనీసం గొడవ పెట్టుకోవడానికి దారి ఉండేది. కార్డు తీసుకోను, జెల్ మాత్రమే అని ఎవరన్నా అంటే అక్కడే వెనక్కి తిరగండి.

ట్రేడ్ కబుర్లు కావాలంటే వాటికోసమే 2005 నుంచి నడుస్తున్న ఎంఎల్‌బీ ట్రేడ్ రూమర్స్ సైటు ఉంది, ఏ వార్త ముందు ఎవరు రాశారో పేరు పెట్టి చెబుతుంది, చదవడానికి పైసా అక్కర్లేదు. డ్రాఫ్ట్ ర్యాంకులు లీగ్ వాళ్ల సొంత సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. నేను 240 డాలర్లు పోసి కొన్న లిస్టులో ముప్పాతిక భాగం అక్కడి నుంచి ఎత్తిందేనని తర్వాత పోల్చి చూసుకున్నాను, స్పెల్లింగ్ తప్పులు మాత్రం ఆయన సొంతం.

ఇప్పుడు 2026 డ్రాఫ్ట్ పేరుతో కొత్త గ్రూపులు తెరిచాడని విన్నాను, ధర నెలకు 75 చేశాడట. నేను ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు పెడుతున్నాను. మీరెవరైనా ఆయన పాత గ్రూపుల్లో ఉండి ఉంటే, 2025 జూలై 13 పొద్దున మీకొచ్చిన లిస్టు స్క్రీన్‌షాట్ తేదీతో సహా నాకు పంపండి. ఇప్పటికి నా దగ్గర నాలుగు ఉన్నాయి. ఒకటో పిక్ దగ్గర ఒక్కోదానిలో ఒక్కో పేరుంది.