కడపలో మా ఏరియా ఆరోగ్య కేంద్రం: కంప్యూటర్ వచ్చాక ఎలా ఉందంటే

అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, నెలనెలా మాత్రల కోసం కడపలో మా ఇంటి దగ్గరున్న పట్టణ ఆరోగ్య కేంద్రానికే వెళ్తాం. ఇప్పుడక్కడ ఓపీ చీటీ కోసం తోసుకునే పని లేదు, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి ఆభా వివరాలు పంపితే టోకెన్ వచ్చేస్తుంది. ఆభా అంటే 14 అంకెల హెల్త్ నంబరు, 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు కౌంటర్‌లో అమ్మాయే చేసిస్తుంది, విసుక్కోదు కూడా.

నాకు బాగా నచ్చింది మాత్రం పాత రీడింగులు. డాక్టరమ్మ స్క్రీన్ ఇటు తిప్పి "చూడండమ్మా, పోయినసారి పరగడుపున 142, ఇప్పుడు 178, మామిడిపండ్లు బాగానే లాగించినట్టున్నారే" అంది. అమ్మ నా వైపు గుర్రుగా చూసింది, నేనేం చెప్పలేదు బాబూ!

స్పెషలిస్టు కావాలంటే ఈ-సంజీవనిలో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవలో, వీడియో కాల్ పెడతారు. అరికాళ్ల మంటల గురించి అమ్మ అలాగే మాట్లాడింది, కాకపోతే అవతలి డాక్టరు కాలు ముట్టి చూడలేడు కదా, సన్న నైలాన్ దారం పాదానికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో ఇక్కడి డాక్టరమ్మే చూసి ఆయనకు చెప్పింది.

చిరాకు ఒక్కటే, నెట్ పోతే అన్నీ ఆగిపోతాయి. ఒక సోమవారం సర్వర్ రాలేదని జనాన్ని ఊరికే కూర్చోబెట్టారు, ఆ కాసేపు చేత్తో రాసిస్తే ఏం పోయిందో. ఐదుకు నాలుగు ఇస్తా. ఆధార్‌తో ఆభా కొత్తగా చేయించుకోవాలంటే, వెళ్లేముందు ఆధార్‌కు లింకైన ఫోన్ వెంట ఉందో లేదో చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.