మార్చి గంట మార్పుకు లైట్ బాక్స్: పెట్టె మీది అంకె కాదు, దూరం చూసి కొనండి

అమెరికాలో చాలాచోట్ల, వేసవి సమయం (డేలైట్ సేవింగ్) కోసం, మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 కాగానే గడియారం 3కి దూకుతుంది. ఐరోపాలో అదే పని మార్చి చివరి ఆదివారం. ఒంట్లోని గడియారం మాత్రం 24 గంటలకంటే కాస్త నిదానంగానే తిరుగుతుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, పెందరాళే పడుకోవడం కష్టం. ఆ వారమంతా మత్తు, చిరాకు వదలవు. పొద్దున పడే గట్టి వెలుగు ఆ ఒంటి గడియారాన్ని ముందుకు జరుపుతుంది. అందుకే దీనికి 10,000 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) లైట్ బాక్స్, అంటే పగటి వెలుగులా గట్టిగా వెలిగే దీపం, నిజంగా పనిచేస్తుంది, సరైనది కొని, సరైన వేళకు వాడితే.

చాలామంది మోసపోయేది దూరం దగ్గరే. పెట్టె మీద 10,000 అని పెద్దగా రాసి, అది ఎంత దూరంలోనో చిన్న అక్షరాల్లో వేస్తారు. చిన్న దీపాల్లో చాలావాటికి అది జానెడు దూరమే! ముఖం అంత దగ్గర పెట్టి అరగంట కూర్చోవడం ఎవరి తరం? కాస్త వెనక్కి జరిగితే వెలుగు సగానికి సగం పడిపోతుంది. 10,000 లక్స్‌కు 30 నిమిషాలు చాలు, 2,500 అయితే రెండు గంటలు కావాలి. అందుకని 30 సెంటీమీటర్ల దూరంలోనూ 10,000 ఇచ్చే పెద్ద తెర, యూవీ (అతినీలలోహిత) కిరణాలను ఆపే ఫిల్టర్ ఉన్న తెల్లకాంతి దీపమే తీసుకోండి. నీలికాంతి మోడళ్లకు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

మార్పుకు నాలుగు రోజుల ముందు నుంచి రోజుకు ఇంకో 15 నిమిషాల చొప్పున ముందుగా పడుకుని, అంతే ముందుగా లేవండి. లేవగానే దీపం వెయ్యండి. అది కంటికంటే కాస్త ఎత్తులో, ఓ పక్కగా ఉండాలి. సూటిగా చూడకుండా టిఫిన్ తినండి, చదువుకోండి. రాత్రి ఇంట్లో లైట్లు తగ్గించకపోతే పొద్దున పడ్డ శ్రమ వృథా. తొందరపడి, అలవాటుగా లేచే వేళకు నాలుగైదు గంటల ముందే దీపం వేస్తే ఒంటి గడియారం ఇంకా వెనక్కి పోతుంది.

తలనొప్పి, కళ్లమంట వస్తే సమయం సగం చేయండి. బైపోలార్ సమస్య, రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, వెలుగు పడితే చర్మం కందిపోయే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు.

సూర్యోదయంలా మెల్లగా వెలిగే అలారం దీపాలు హాయిగా లేపుతాయి గానీ, వాటి వెలుగు కొన్ని వందల లక్స్‌కు మించదు. ఈ పనికి అవి చాలవు.

నవంబరులో (ఐరోపాలో అక్టోబరు చివర) గంట వెనక్కి వెళ్లినప్పుడు పొద్దున దీపం అవసరం లేదు. సాయంత్రమే నిద్ర ముంచుకొస్తుంటే అప్పుడు కాసేపు వేస్తే చాలు. లేచేసరికే బయట ఎండ వచ్చే ఊళ్లో ఉంటే అసలు కొనొద్దు, అరగంట నడవండి. టైమ్ జోన్ (ఒకే గడియారం నడిచే ప్రాంతం) పడమటి అంచున, ఎండ ఆలస్యంగా వచ్చేచోట, మార్పు తర్వాత చీకట్లోనే పనికి బయల్దేరేవాళ్లకు మాత్రం తప్పక కొనమంటాం.